పొగగొట్టానికి మెడకట్టు

పెంకుటింట్లో పొగగొట్టం కట్టుకున్నవాడు ఏటా ఒకసారి కప్పెక్కి తీరాలి. ఎక్కలేనివాడు పొగలోనే వండుకుని, దగ్గుకుంటూ తినాలి. మూడో దారి లేదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో! విన్నవాడు ఒక్కడు లేడు. రాజాం చుట్టుపక్కల మా వైపు ఊళ్లలో బెంగుళూరు పెంకుల ఇళ్ల మీద గొట్టాలు లేచిన రోజులు నాకు తెలుసు. అవి కారి, గోడలు తడిపి, ఇంటిల్లిపాది చేతా తిట్లు తిని, ఒక్కొక్కటే నేలకూలిన రోజులూ తెలుసు. గొట్టం దానంతటది కారదు. దాన్ని చూసుకోని వెధవ కారుస్తాడు.

నా గొట్టం నేనే కట్టాను. మా అమ్మ కళ్లు పొయ్యి పొగకి పోయాయి. ఆవిడ పోయాక అదే వంటింట్లో మా ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ అన్నం వడ్డిస్తుంటే నాకు ఒళ్లు మండింది. అప్పట్లో నేను మిల్లులో బాయిలరు దగ్గర బొగ్గెత్తే కూలీని. పొగ ఎందుకు పైకి పోతుందో, ఎప్పుడు వెనక్కి తంతుందో అక్కడే చూసి నేర్చుకున్నాను. చదువంటారా, కిరాణా కొట్టువాడు పప్పు పొట్లం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని నేర్చిందే. ఆ చదువుకి పట్టా లేదు కాబట్టి నా మాటకి విలువ లేదు. అది వేరే సంగతి.

గొట్టం కప్పును చీల్చుకుని బయటికొచ్చే చోటుంది చూడండి, దాన్ని నేను మెడ అంటాను. కారేది అక్కడే. వాన నీరు పెంకుల వాలు మీద పరుగెత్తుకొచ్చి గొట్టం వీపుకి కొట్టుకుంటుంది. అటూ ఇటూ పోలేక నిలబడుతుంది. నిలబడ్డ నీరు ఊరుకోదు, సందు వెతుక్కుంటుంది. అందుకని వీపు వెనక రేకు ముక్కను గూడులా వంచి, దాని అంచు ఇటుకల సందులోకి దోపి, నీటిని రెండు పక్కలకీ మళ్లించాలి. ఆ పైన మెడ చుట్టూ కట్టు వెయ్యాలి. అందరూ పాడు చేసేది ఇక్కడే. సిమెంటు పోస్తారు. పొయ్యి వెలిగితే గొట్టం వేడెక్కుతుంది, కాస్త ఉబ్బుతుంది. పెంకు ఉబ్బదు. రెండింటి మధ్యనా నలిగి సిమెంటు పగులుతుంది. వెంట్రుకంత పగులు చాలు, కొంప ముంచడానికి. నేను సున్నంలో ఇసుక కలిపి, గోగునారని వేలి కణుపంత ముక్కలుగా కోసి అందులో వేసి, బెల్లం నీళ్లతో తడిపి, కాళ్లతో బాగా తొక్కి మరీ వాడతాను. నార ఉన్న సున్నానికి కొంచెం సాగే గుణం ఉంటుంది. అయినా ఒక ఎండాకాలం తినేసరికి దాని అంచులు లేస్తాయి. అందుకే ఏటా రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, కప్పెక్కి గొట్టంలో మసి దులిపి, పైన టోపీ రాళ్లు సరిచేసి, నాచు గీకి, పాత కట్టు కొట్టేసి కొత్తది వెయ్యాలి. మసి దులపకపోతే ఏం పోయిందనే వాళ్లున్నారు. వాన చినుకు మసిలో నాని, గోధుమరంగు నీరై గోడలోకి దిగి సున్నాన్ని తినేస్తుంది. అదీ పోయేది.

ఏ ఏడూ నేను ఈ పని తప్పలేదు. తప్పించింది మా వియ్యపురాలు.

పెద్ద తుఫాను వచ్చి పోయిన మరుసటి ఏడు అది. మా అమ్మాయి ఏడో నెల దాటగానే పురిటికి ఇంటికొచ్చింది. ఇంట్లో ఆడది కడుపుతో ఉంటే ఇల్లు ముట్టకూడదని మా వాళ్లకొక పట్టింపు. కప్పు విప్పకూడదు, గోడ తవ్వకూడదు, కన్నం పొడవకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఉన్న కన్నం పూడ్చకూడదు. పూడిస్తే పురుడు అడ్డం తిరుగుతుందట. నేను దీన్ని చిన్నప్పటి నుంచి వింటున్నాను, చిన్నప్పటి నుంచి నమ్మలేదు. పెద్ద వాన కురిశాక చూరు సరిచేసుకోని ఇళ్లలో గోడలు కూలి పిల్లలూ తల్లులూ చచ్చిపోయిన వైనాలు నాకు గుర్తున్నాయి. కన్నం పూడ్చినందుకు చచ్చిన వాళ్లు ఒక్కరూ గుర్తులేరు.

అయినా ఆ రోహిణి కార్తెలో సున్నం కలిపిన ఇనప గమేళా, తాపీ అందుకున్నప్పుడు నన్ను ఆపింది వియ్యపురాలు కాదు, మా అమ్మాయే. వసారా స్తంభాన్ని పట్టుకుని నిలబడి మెల్లిగా అంది.

“నాన్నా, నువ్వు సెప్పేది నిజమే. కానీ ఏటైనా అయితే నిన్నెవరూ అనరు. నన్నంటారు.”

అది ఊరికే అన్న మాట కాదు. అంతకు ముందు దానికి ఒక కడుపు పోయింది. బొబ్బిలి దగ్గర అత్తవారింట్లో ఉండగా, అద్దం తగిలించుకుందామని గోడకి మేకు కొట్టుకుంది. అది కొట్టిన కొన్నాళ్లకి మూడో నెలలో పోయింది. ఆసుపత్రి వరండాలో మా వియ్యపురాలు పది మందీ వింటుండగా అన్న మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. “గోడలో దిగిన మేకు గోడలో ఆగుతాదేటి? పిండంలో దిగిపోనాది.” మంచం మీద నా కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరమ్మ వచ్చి, మేకుకీ దీనికీ సంబంధం లేదని చెప్పింది. ఎవరు విన్నారు! ఆ రోజు నుంచి నేను ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. పండక్కీ పబ్బానికీ వెళ్లాల్సి వస్తే వీధిలోనే నిలబడి మాట్లాడి వచ్చేసేవాణ్ని. మరిచిపోయే బుర్ర కాదు నాది.

కూతురి ముఖం చూసి గమేళా కింద పెట్టాను. సరే, చూద్దాం, గట్టి వానలు పడేలోగా పురుడొచ్చేస్తుందేమో అనుకున్నాను. మనిషి తనకి తాను చెప్పుకునే అబద్ధాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి.

తొలకరి పడింది. రెండు జల్లులు పడేసరికి వంటింటి గోడ మీద గోధుమ చార దిగింది. వంటింటికీ నడిమి గదికీ మధ్యన ఒకటే గోడ, మా తాత కాలం నాటి మట్టిగోడ. దాన్ని ఆనుకునే అమ్మాయి మంచం. గదిలో మరో పక్క ధాన్యం గాదె. మంచం జరపడానికి జానెడు చోటు లేదు. వసారాలో పడుకోబెడదామంటే వాన జల్లు కొడుతుంది. వేరే ఇంటికి మారుద్దామంటే, పురిటికొచ్చిన మనిషి గడప మార్చకూడదని ఇంకో పట్టింపు. ఈ పట్టింపులు కనిపెట్టినవాడెవడో గానీ, ఒక్క కిటికీ కూడా తెరిచి ఉంచకుండా కట్టాడు ఇల్లు.

గొట్టం మీద టార్పాలిన్ కప్పి రాళ్లు పెట్టాను. కప్పడం పూడ్చడం కాదు కదా! దానికెవరూ నోరెత్తలేదు. గాలి ఎత్తింది. పైగా టార్పాలిన్ ఉన్నంతసేపూ పొయ్యి వెలిగించడానికి లేదు. గ్యాసు ఉంది కదా అంటారు. మా ఇంట్లో గ్యాసు మీద టీ కాస్తారు. స్నానానికి కాగులో నీళ్లూ, పశువులకి కుడితీ కాగేది కట్టెల పొయ్యి మీదే.

తాపీ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. నా ఈడువాడు, వరసకి బావమరిది. అంతా విని చుట్ట నోట్లోంచి తీశాడు.

“ఇంట్లో గుంట కడుపుతో ఉన్నాదేటి?”

“ఉన్నాది కాబట్టే వొచ్చాను.”

“నన్నొగ్గీ బావా. ఆ పని నానొట్టుకోను. రేపేటైనా అయితే నా సెయ్యి మంచిది కాదంటారు. ఇంకెవుడు పిలుస్తాడు నన్ను?”

“నువ్వు కట్టేది గొట్టం మెడకిరా, గుంట మెడకి కాదు.”

“ఏ మెడైనా ఒకటే. పురుడెల్లాక రా. ఉత్తినే సేసి పెడతాను.”

అల్లుడికి ఫోను చేశాను. అతను కాలేజీలో సైన్సు చెప్తాడు. వాళ్లమ్మకి అతనైనా నచ్చచెప్తాడని ఆశ.

“మావయ్యా, సైన్సు పరంగా మీరు సెప్పింది కరెక్టే,” అన్నాడు. “కానీ అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకు? కొద్ది రోజులే గదా.”

“మీ అమ్మకి సెప్పొద్దులే నాయినా. ఆ గోడకి సెప్పు, కొద్ది రోజులు ఆగమని. నీ సైన్సుతో సెప్పు.”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఫోను పెట్టేశాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. రోజూ పొద్దున్నే వెళ్లి ఆ గోడ మీద గోరుతో గీసి చూసేవాణ్ని. మొదట గీత పడేది. తర్వాత గోరు దిగేది. తర్వాత కణుపు దిగింది. మట్టిగోడ కూలేముందు కేకలు వెయ్యదు. నీళ్లు తాగుతుంది, తాగుతుంది, ఒక రోజు కూర్చుండిపోతుంది. మా ఆవిడకి చెప్తే, “మీకు గొట్టం ఎక్కువా, కూతురెక్కువా?” అని నన్నే నిలదీసింది. కూతురెక్కువ కాబట్టే గొట్టం గురించి చస్తున్నానే బాబూ అని అరిచాను. అరిస్తే అమ్మాయి గదిలోంచి వచ్చి నిలబడేది. ఆ ముఖం చూసి మళ్లీ నోరు మూసుకునేవాణ్ని.

ఒక పొద్దున ముసురు విడిచింది. ఎండ రాలేదు గానీ గాలి పొడిగా ఉంది. ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు. పెరట్లో సున్నం, నార తొక్కి, గమేళా నింపుకుని, నిచ్చెన వేసి కప్పెక్కాను. గొట్టం పక్కన గొంతుక్కూర్చుని, లేచిపోయిన పాత కట్టు చేత్తోనే పీకేశాను. పీకుతుంటే కింద సందులో వేలు పట్టేంత కన్నం కనిపించింది. నా ఇంటిని తాగేస్తున్నది ఆ కన్నమే. తాపీతో మొదటి ముద్ద ఎత్తాను.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. చేతిలో సున్నుండల డబ్బాతో వియ్యపురాలు దిగింది. కోడల్ని చూసుకుందామని చెప్పాపెట్టకుండా వచ్చింది. గుమ్మంలోకి వెళ్లబోతూ తలెత్తింది.

“అన్నయ్యా! ఏటి సేస్తన్నావక్కడ?”

“కనబడతలేదా? గొట్టానికి పెళ్లి సేస్తన్నాను.”

“దిగు.”

“పనయ్యాక దిగుతాను. నువ్వు లోపలికెళ్లి మజ్జిగ తాగు.”

“నా కోడలు ఇంట్లో ఉండగా కప్పు మీద తాపీ ఆడిస్తావా? నీకు బుద్ధి నేదా?”

“నీ కోడలు నా ఇంట్లో ఉన్నాది. నా కప్పు కింద పడుకున్నాది. ఆ కప్పు కారతన్నాది.”

“కారితే గిన్ని పెట్టుకో.”

“గోడ లోపల కారితే గిన్నెక్కడ పెట్టమంటావు సెల్లమ్మా? నీ నోరు పెడతావేటి?”

అంటే అన్నాను. వియ్యపురాలితో అనకూడని మాటే. ఆవిడ డబ్బా అరుగు మీద పెట్టి, పెరట్లోకి నడిచి, నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని లాగేసింది. లాగి గడ్డిమేటు మీదికి తోసింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఇప్పుడు దిగు సూద్దాం. ముట్టనని ఒట్టెయ్యి, నిచ్చెనేస్తాను. నేకపోతే అక్కడే ఉండు, కాకుల్తోటి.”

ఈ అరుపులకి వీధి వీధంతా వచ్చి చేరింది. పని ఉన్నవాడూ వచ్చాడు, లేనివాడూ వచ్చాడు. ఎదురింటివాడు అరుగు మీంచి, “మావా, బోజనం పైకి పంపమంటావా? కర్రకి కట్టి అందిస్తాం,” అన్నాడు. అందరూ నవ్వారు. వాడింటి గొట్టం ఎప్పుడో కారి కూలిపోయింది. పొగలో కూర్చుని తినే వెధవ నన్ను చూసి నవ్వుతున్నాడు.

మా ఆవిడ తల బాదుకుంటూ బయటికొచ్చింది. “వదినా, నిచ్చెనెయ్యమ్మా, పెద్దాయన జారిపోతాడు,” అంది.

“జారడు వదినా. అంత మొండోళ్లు జారరు.”

అప్పుడు నాకొక సంగతి తట్టింది. నిచ్చెన లేకపోతే నేను దిగలేను, నిజమే. కానీ నన్ను ఆపడానికి పైకి వచ్చేవాడూ లేడు.

“సెల్లమ్మా, మంచి పని సేసినావు,” అన్నాను తాపీ చేతిలోకి తీసుకుంటూ. “ఇప్పుడు నాకడ్డం ఎవులొస్తారో నానూ సూస్తాను.”

ముద్దని కన్నం దాకా తీసుకెళ్లాను. అంతలో నడుం పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ అమ్మాయి పెరట్లోకి వచ్చింది. తలెత్తి నన్ను చూసింది. మెడ ఎత్తడానికే ఆయాసపడుతోంది.

“నాన్నా, వొద్దు,” అంది. అంతే.

తాపీ ఆగిపోయింది. అంతమంది ముందు, అంత మాటన్నాక, ఆగిపోవడం ఎంత అవమానమో మీకు చెప్పలేను. ముద్దని తిరిగి గమేళాలో కొట్టాను.

“ఇన్నావా?” అంది వియ్యపురాలు గెలిచినట్టు. కోడలి రెక్క పట్టుకుని, “పద తల్లీ, నిలబడకు, పడుకుందువుగాని,” అని లోపలికి తీసుకెళ్లింది.

గమేళాలో ఆరిపోతున్న ముద్దతో నేను పైన, కింద జనం. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత వియ్యపురాలు ఒక్కతీ పెరట్లోకి వచ్చింది. కుడి చెయ్యి ముందుకి చాపి పట్టుకుని వచ్చింది. మణికట్టు దాకా ఎర్రమట్టి. కోడలి మంచం సర్దుతూ ఆనుకుందామని గోడ మీద చెయ్యి వేసిందట. చెయ్యి లోపలికి దిగిపోయిందట. ఆవిడది కూడా మట్టిగోడల ఇల్లే. చెయ్యి దిగే గోడ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ముఖం పాలిపోయి ఉంది.

“గోడ ఎప్పట్నించి ఇలగున్నాది?”

“తొలకరి నించి. సెప్తూనే ఉన్నాను.”

“ఏటి సెప్పినావు? అరిసినావు. అరిస్తే ఎవులింతారు?”

ఆ స్థితిలో కూడా తప్పు నాదే. చెయ్యి కడుక్కోలేదు. మా ఆవిడతో, “వదినా, సాయం పట్టు, నిచ్చెనేద్దాం,” అంది. సరే, దారికొచ్చింది, పని కానిస్తానని తాపీ అందుకున్నాను.

“ముట్టకు!” అని కింద నుంచి కేక. “నువ్వు ముట్టకు. నాను వస్తన్నాను.”

“నువ్వొచ్చి ఏటి సేస్తావు?”

“నువ్వు సేద్దామనుకున్నదే.”

చీర గోచీ పోసి, కొంగు నడుముకి చుట్టి, నిచ్చెనెక్కింది మా వియ్యపురాలు. ఆవిడ నాకన్నా నాలుగైదేళ్లు చిన్నదేమో, అంతే. నా ఇంటి కప్పు మీద, ఊరంతా చూస్తుండగా, వియ్యపురాలు! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురింటివాడి నవ్వు కూడా ఆగిపోయింది.

“వాసాలమ్మట నడు. పెంకు నడుమ కాలెయ్యకు, ఇరుగుతాది.”

“గడ్డిమేట్లెక్కినదాన్ని. నాకు సెప్పకు.”

టప్పుమని ఒక పెంకు విరిగింది.

“ఇరిగిందా?”

“ఇరిగితే ఇంకోటి ఎయ్యాల. అది కూడా నానే ఎయ్యాల, నువ్వు ముట్టకూడదు. ఎక్కడున్నాది?”

కప్పు మొదట్లో నేను దాచుకున్న పెంకు చూపించాను. ఎలా దోపాలో చెప్పాను. రెండుసార్లు తిరగేసి పెట్టింది. మూడోసారికి కుదిరింది. తర్వాత గొట్టం దగ్గర కూలబడి, తాపీ ఇస్తే తోసేసి, గమేళాలో చెయ్యి పెట్టింది.

నేను చుట్టూ కోసి, నునుపు చేసి, వాలు తెచ్చి వేసే కట్టు అది. ఆవిడ ఇల్లు అలికినట్టు అలికింది. ముద్ద మీద ముద్ద. ఒక చోట బెత్తెడు మందం, ఒక చోట వేలి మందం.

“ఈపు ఎనక ఎక్కువెయ్యి. నీళ్లు తగిలేది అక్కడే.”

“ఏస్తన్నాను.”

“రేకు కిందికి నొక్కు. ఊరికే పైన రాయకు.”

“నొక్కినాను.”

“నొక్కలేదు.”

“నొక్కినానంటంటే! నీ గొట్టానికి నానేటి పిండి రాస్తన్నానా?”

ఆ మూల నొక్కలేదు. నా కళ్లతో చూశాను. వేలు పెట్టి నొక్కితే అయిపోయే పని. పెట్టడానికి లేదు.

ఉండబట్టలేక అడిగాను.

“కన్నం పూడిస్తే తగులుతాదని నువ్వే గదా అన్నావు. కడుపులో ఉన్నది నీ కొడుకు బిడ్డ కాదేటి? నీకు తగలదేటి?”

ఆవిడ నా వైపు చూడలేదు. కిందవాళ్లకి వినబడకుండా అంది.

“తగలకూడదనే మొక్కుకున్నాను. ఏటైనా అయితే, అత్త సేసిందంటారు. కోడలు సేసిందనరు. అది సాలు.”

నా నోట్లోంచి మాట జారింది. జారిందేమిటి, ఎన్నాళ్లుగానో దాచుకున్నదే. “మేకు మాటన్న నాడు ఈ తెలివి ఎక్కడికెళ్లింది?”

సున్నంలో ఉన్న చెయ్యి ఆగింది.

“ఆ మాట గుంటతోటి సెప్పుకున్నాను. దాని సేతులొట్టుకుని సెప్పుకున్నాను. నీకు సెప్పుకోవాల్సిన పని నాకు నేదు.”

నా కూతురు నాకీ సంగతి చెప్పలేదు. ఇన్నాళ్లూ వాళ్ల వీధిలో నేను మంచినీళ్లు ముట్టకుండా నిలబడుతుంటే, లోపల అత్తా కోడళ్లు ఎప్పుడో మాట్లాడేసుకున్నారన్నమాట. ఎవరి కోసం పగ పట్టానో వాళ్లు వదిలేస్తే ఆ పగతో నేనేం చెయ్యాలి? అయినా నేను వదల్లేదు. మాట అనడం వేరు, దిద్దుకోవడం వేరు. ఆసుపత్రిలో అన్నప్పుడు పది మంది విన్నారు. చేతులు పట్టుకున్నప్పుడు ఎవరు విన్నారు?

ముద్ద అయిపోయింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, సున్నం ముఖానికే పూసుకుని, దిగింది. దిగి కోడలి గదిలోకి వెళ్లి, “నానే ఏసినాను. మీ నాన్న ముట్టలేదు. నువ్వు ఎవులికీ ఏటీ సెప్పక్కర్లేదు,” అంది. వెనకే దిగి వసారాలోకొచ్చిన నాకు వినబడింది. నా కూతురు ఏడ్చింది. అది ఏ ఏడుపో నేను అడగలేదు.

మరునాడు మళ్లీ వాన. ఇంటిల్లిపాదీ గోడ ముందు నిలబడ్డారు, దేవుడి ముందు నిలబడ్డట్టు. చార దిగలేదు. వారం తిరిగేసరికి గది వైపు గోడ పైనుంచి తెల్లబడుతూ వచ్చింది. అమ్మాయి పొద్దున లేవగానే గోడ మీద చెయ్యి వేసి చూసి, అప్పుడు ముఖం కడుక్కోడానికి వెళ్లేది. ఆ ముఖంలో భయం తగ్గడం నేను రోజూ చూస్తున్నాను.

కట్టు కారుతోందని నాకొక్కడికే తెలుసు.

నేను చెప్పిన మూలే. నొక్కమన్న మూలే. నీరు గోడలోకి కాకుండా గొట్టం లోపలికి తిరిగి, పొయ్యిలోకి దిగుతోంది. పొద్దున్నే స్నానాలకి నీళ్లు కాచే పని నాది. పొయ్యిలో చెయ్యి పెడితే బూడిద ముద్దయి ఉండేది. గోడకి ముప్పు లేదు. పొయ్యికి కొంచెం చెరుపు, అంతే. కానీ ఆ మాట బయటపెడితే ఏమవుతుంది? అమ్మాయి మళ్లీ గోడకేసి చూడడం మొదలుపెడుతుంది. వియ్యపురాలు మళ్లీ ఆటో ఎక్కి వస్తుంది. మళ్లీ కప్పెక్కుతుంది, మళ్లీ పీకుతుంది, మళ్లీ పూడుస్తుంది, ఒక పెంకు విరగ్గొడుతుంది. కన్నం రెండుసార్లు పూడ్చారని మా ఆవిడ బెంగ పెట్టుకుంటుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఇంట్లో వాళ్లు లేవకముందే తడి బూడిద ఎత్తి పారబోసేవాణ్ని. వాన పడే రోజు పొయ్యిలో పాత సత్తుగిన్నె పెట్టేవాణ్ని. నా అరవై ఏళ్లు పైబడిన జన్మలో, నేను రైటని రుజువు చేతిలో పెట్టుకుని కూడా మాట్లాడకుండా ఉన్నది ఆ వానాకాలమే. కడుపులో పొయ్యి వెలిగించుకుని తిరిగాను.

శ్రావణంలో పురుడొచ్చింది. ఆసుపత్రిలో, ఏ అడ్డమూ తిరగకుండా, ఆడపిల్ల. ఏడుపు వీధి దాకా వినబడిందన్నారు. తల్లీ పిల్లా అదే గదిలో, అదే గోడ పక్కన, పొడి మంచం మీద పడుకున్నారు. పేరు పెట్టిన రోజున వియ్యపురాలు బంధువులందర్నీ పెరట్లోకి తీసుకెళ్లి కప్పు చూపించింది.

“సూడండి. నా సేత్తో ఏసినాను. సుక్క దిగలేదు. మా అన్నయ్య ఏళ్ల తరబడి ఏదో పెద్ద ఇద్దె అన్నట్టు మాటాడతాడు గానీ, ఇల్లలికే ఆడదెవుర్తైనా సెయ్యగలదు.”

తాపీ మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు. “కట్టు బలంగా ఉన్నాది అప్పా,” అన్నాడు, పాయసం తింటూ. వాడి కళ్లు పొయ్యిలో పెట్టాలనిపించింది. అంతకు ముందు రాత్రే వాన పడింది. గిన్నె నిండా గోధుమ నీళ్లు నేనే పారబోశాను. అమ్మాయి పిల్లని ఎత్తుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. “అవును, సుక్క దిగలేదు,” అన్నాను. ఆ మూడు మాటలూ బయటికి రావడానికి ఎంత పట్టిందో నాకు తెలుసు.

తల్లీ పిల్లా గడప దాటేదాకా ఇల్లు ముట్టకూడదు కాబట్టి, ఆ ఏటి వానలన్నీ ఆ కట్టు కిందే గడిచాయి. పిల్లకి ఐదో నెలలో, చలి మొదలయ్యాక, వాళ్లని తీసుకుపోడానికి వియ్యపురాలు ఆటోలో వచ్చింది. సామాన్లు ఎక్కించారు. పిల్లకి దిష్టి తీశారు. ఆటో ఎక్కబోతూ ఆవిడ ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పుకేసి చూసింది.

“అన్నయ్యా, రాయిలాగున్నాది సూసినావా? దాన్ని ముట్టకు.”

“నాకేటి పని?” అన్నాను.

మా అమ్మాయి నా కాళ్లకి దండం పెట్టింది. పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. విడిపించుకోవాల్సి వచ్చింది. ఆటో కదిలింది. చెయ్యి ఊపాను. వెనక్కి తిరిగి, పెరట్లోకి నడిచి, నిచ్చెన వేసి, సుత్తీ ఉలీ నడుముకి దోపుకుని ఎక్కాను. బెత్తెడు మందం ఉన్న చోట ఉలి ఆనించి ఒక్కటి వేశాను. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చింది. ముద్ద చెక్కు చెదరలేదు. అంత మందం ఏ బుద్ధున్నవాడు వేస్తాడు!

కింద నుంచి మా ఆవిడ పరుగున వచ్చింది.

“ఓలమ్మో! ఆటో ఇంకా ఈది మలుపు తిరగనేదండీ. సప్పుడు ఇనబడతాది, ఆగండి!”

“ఇనబడనీ,” అన్నాను, రెండో దెబ్బకి సుత్తి ఎత్తి.